తిరిగివచ్చిన బొమ్మబండ్లు

పాఠ్యభాగ పరిచయం

బాల్యంలో ఆడుకొన్న వస్తువులు కొన్ని మనిషిని జీవితాంతం వెంటాడుతాయి. ఆడుకోవాలని ఆశపడి పొందలేకపోయిన వస్తువులు అంతకంటె ఎక్కువగా వెంటాడుతాయి. 1980వ దశకంలో జపాన్ దేశంలో తయారై ప్రపంచమంతటా పిల్లల మనసులను దోచుకొన్న రేడియో నియంత్రిత బగ్గీలు దాదాపు ఇరవై ఏళ్ళ తరువాత అదే రూపంతో, అదే పేరుతో మళ్ళీ విడుదలయ్యాయి. వాటిని కొన్నవారిలో ఎక్కువమంది పిల్లలు కారు, ఒకనాటి పిల్లలు. ఈ విచిత్రానికి గల కారణాలను ఈ పాఠం పరిశీలిస్తుంది.

పాఠం

సంస్కృత నాటకాలలో శూద్రకుని 'మృచ్ఛకటికం' ఒక బొమ్మబండి పేరును తన పేరుగా పెట్టుకొన్న రూపకం. మృత్తు అంటే మట్టి, శకటిక అంటే చిన్న బండి. ఉజ్జయినిలో ఒకప్పుడు ధనవంతుడై, దానధర్మాలు చేసి దరిద్రుడైన చారుదత్తుని కుమారుడు రోహసేనుడు పొరుగింటి పిల్లవాని బంగారు బండితో కాసేపు ఆడుకొన్నాడు. ఆ పిల్లవాడు తన బండిని తాను తీసుకొనిపోయాడు. రోహసేనుడు ఏడుస్తుంటే దాసి రదనిక మట్టితో ఒక బండి చేసి ఇచ్చింది. అతనికి అది వద్దు. బంగారు బండే కావాలి. ఆ ఏడుపును చూడలేక వసంతసేన తన ఒంటిమీది నగలను తీసి మట్టిబండిలో పోసి, వీటితో బంగారు బండి చేయించుకోమన్నది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తునికి ప్రతికూలమైన సాక్ష్యంగా నిలిచాయి. ఒక పిల్లవాని ఏడుపు ఒక మనిషిని వధ్యస్థానం దాకా నడిపించింది.

రోహసేనుడు పెద్దవాడయ్యాడు అనుకొందాం. చేతినిండా ధనం గల గృహస్థుడయ్యాడు అనుకొందాం. ఒకనాడు అంగడిలో సరిగ్గా ఆ పొరుగింటి బండి వంటి బంగారు బండి కనిపిస్తే అతడేమి చేస్తాడు? శూద్రకుడు ఆ సంగతి చెప్పలేదు. నాటకానికి దానితో పని లేదు. అయితే ఇటువంటి సన్నివేశం 2004వ సంవత్సరం మొదలు వేలాదిమంది జీవితాలలో నిజంగా జరిగింది. ఆ కథ జపాన్‌లోని షిజువొకా పట్టణంలో మొదలవుతుంది.

షిజువొకా తేయాకు తోటలకు ప్రసిద్ధి. దారుశిల్పానికీ అక్కడ పాత పేరున్నది. ఆ పట్టణంలో యొషియొ తమియా అనే వర్తకుడు 1946లో కలప వ్యాపారం ప్రారంభించాడు. కొయ్యతో ఓడల నమూనాలు, విమానాల నమూనాలు చేసి అమ్మడం దానికి అనుబంధంగా సాగింది. 1951లో అగ్నిప్రమాదంలో ఆస్తి కాలిపోయింది. తరువాత కొద్ది కాలానికే సంస్థ కలపను వదలి బొమ్మల నమూనాలనే పూర్తిగా నమ్ముకొన్నది. కొయ్య స్థానంలో ప్లాస్టిక్ వచ్చిన రోజులవి. 1960లో యమాటో యుద్ధనౌక నమూనాతో తమియా సంస్థ తొలిసారి ప్లాస్టిక్ రంగంలో అడుగుపెట్టింది. యొషియొ కుమారుడు షున్సాకు తమియా ఈ మార్పులన్నింటికీ వెన్నెముకగా నిలిచి, 1984లో సంస్థకు అధ్యక్షుడయ్యాడు. 2025 జూలైలో, తొంభై ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశాడు.

షున్సాకు పట్టుదలకు ఒక ఉదాహరణ ప్రసిద్ధమైనది. పోర్షె 934 పందెపు కారుకు నమూనా చేయాలని సంకల్పించినప్పుడు ఆయన ఒక పోర్షె 911 కారునే కొన్నాడు. లోపలి అమరిక తెలుసుకోవడానికి దానిని ఊడదీయించాడు. పని అయిన తరువాత విడిభాగాలను మళ్ళీ బిగించడం తన మనుషుల వల్ల కాలేదు. చివరికి పోర్షె కారు మెకానిక్కులనే పిలిపించవలసివచ్చింది. ఆ శ్రమ ఫలితంగా 1976లో వెలువడినది తమియా సంస్థ తొలి రేడియో నియంత్రిత కారు. చేతిలోని పెట్టె నుండి వెలువడే రేడియో సంకేతాలకు లోబడి, దూరాన ఉన్న చిన్న కారు కుడికి, ఎడమకు తిరుగుతూ, వేగం పెంచుతూ, తగ్గిస్తూ పరుగెత్తడం ఆనాటి పిల్లలకు ఇంద్రజాలం వంటిది.

కాని ఆ పోర్షె నున్నని నేలమీద మాత్రమే పరుగెత్తగలదు. చిన్న గులకరాయి అడ్డుపడినా ఆగిపోతుంది. పిల్లలందరికీ నున్నని నేల దొరకదు. వారి ఆటస్థలం పెరడు, వీథి చివర మట్టిదిబ్బ, పాఠశాల మైదానం. అక్కడ పరుగెత్తగల బండి కావాలి. ఆ అవసరం నుండి బగ్గీ వచ్చింది.

తెలుగువారికి బగ్గీ అనగానే గుర్రం పూన్చిన పాతకాలపు బండి గుర్తుకు వస్తుంది. ఇక్కడ చెప్పుకొంటున్నది వేరు. అమెరికాలోని కాలిఫోర్నియా సముద్రతీరంలో ఇసుకతిన్నెల మీద నడపడానికి తయారుచేసుకొన్న తేలికపాటి కారుకు ఆ పేరు వచ్చింది. బ్రూస్ మేయర్స్ అనే పడవల తయారీదారు 1964లో ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు యంత్రభాగాలకు ఫైబర్ గ్లాసు తొడుగు వేసి 'మేయర్స్ మాంక్స్' అనే బగ్గీని రూపొందించాడు. 1967లో మెక్సికో దేశపు ఎడారిలో జరిగిన మొట్టమొదటి మెక్సికన్ 1000 పందెంలో, బాహా 1000గా తరువాత పేరు మారిన ఆ సుదీర్ఘ పందెంలో, గెలిచినది ఒక మేయర్స్ మాంక్సే. చవకగా దొరికే పాత కారు భాగాలతో సామాన్యుడు తయారుచేసుకోగల పందెపు వాహనం అది. 1979లో తమియా సంస్థ 'రఫ్ రైడర్', 'శాండ్ స్కార్చర్' అనే రెండు బగ్గీలను పదో వంతు పరిమాణంలో విడుదల చేసింది. ఇసుక, నీరు చొరబడకుండా రేడియో పరికరాలకు మూత గల పెట్టె, లోహపు విడిభాగాలు, లావుపాటి టైర్లు వాటి ప్రత్యేకతలు. షిజువొకా పిల్లవాడు కాలిఫోర్నియా ఇసుకను ఎన్నడూ చూడలేదు. అయినా తన పెరటి మట్టిలో దానిని ఊహించుకొన్నాడు.

ఆ రెండూ ఖరీదైనవి. పిల్లల చేతికి బగ్గీని నిజంగా అందించినవి 1984లో వచ్చిన 'గ్రాస్‌హాపర్', 'హార్నెట్' అనే జంట. ఒకటి మిడత, రెండవది కందిరీగ. దాదాపు ఒకే చట్రం. మిడతకు 380 రకపు చిన్న మోటారు, కందిరీగకు 540 రకపు పెద్ద మోటారు. వాటికి ముందు 1983లో 'ఫ్రాగ్' అనే కప్ప, వెనుక 1985లో నాలుగు చక్రాలకూ శక్తి అందే 'హాట్‌షాట్' వచ్చాయి. పేర్లలోనే గంతులు వేసే స్వభావం ఉన్నది.

ఈ బండ్లు తయారై రావు. ఇది గమనింపదగిన విషయం. అంగడిలో దొరికేది ఒక పెద్ద అట్టపెట్టె. దాని మూతమీద తెల్లని నేపథ్యంలో దుమ్ము రేపుతూ దూసుకొనిపోయే బగ్గీ చిత్రం. లోపల చట్రం, మోటారు, టైర్లు, సంచులలో మరలు, కాగితం మీద అచ్చువేసిన స్టిక్కర్లు, బొమ్మలతో వివరించిన చిన్న పుస్తకం. బ్యాటరీ, రేడియో వేరుగా కొనుక్కోవాలి. కొన్నవాడే స్క్రూ డ్రైవరు పట్టుకొని పళ్ళచక్రాలను ఒకదానిలో ఒకటి అమర్చి, గ్రీజు పూసి, ఇరుసులు దూర్చి, స్ప్రింగులు తగిలించి బండిని నిలబెట్టాలి. హార్నెట్ పైతొడుగు పారదర్శకమైన పలుచని ప్లాస్టిక్. దానికి లోపలివైపు నుండి రంగు వేయాలి. పెట్టెలో రంగు డబ్బా ఉండదు. పుస్తకంలోని బొమ్మ చూసి తోచిన విధంగా వేసుకోవాలి. రంగు ముద్దకట్టడం, స్టిక్కరు వంకరగా అంటుకోవడం తొలిసారి పనిచేసేవారికి తప్పదు. ఆ వంకర స్టిక్కరు వల్లనే ప్రపంచంలోని హార్నెట్లన్నింటిలో ఇది నాది అని పిల్లవాడు గుర్తుపట్టగలిగాడు.

బండి లోపలి ఏర్పాటు నేటివారికి నవ్వు తెప్పించవచ్చు. వేగాన్ని నియంత్రించే పరికరం యాంత్రికమైనది. రేడియో సంకేతం అందగానే ఒక చిన్న యంత్రం లోహపు చేతిని కదిలిస్తుంది. అది రాగి పలకల మీద జరిగి విద్యుత్తును నిరోధకం గుండా మళ్ళిస్తుంది. నెమ్మదిగా నడిపితే నిరోధకం వేడెక్కి చుర్రుమంటుంది. అందుచేత పిల్లలు నెమ్మదిగా నడపడం మానివేసి పూర్తి వేగంతోనే నడిపేవారు. అది వారికి ఇష్టమైన నెపం కూడా. 7.2 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీ పదిహేను నిమిషాలు నడిస్తే గొప్ప. తరువాత సామాన్యమైన చార్జరుతో గంటల తరబడి ఎదురుచూడాలి. ఆట కంటె నిరీక్షణ ఎక్కువ.

రేడియో సంగతి మరీ చిత్రమైనది. 27 మెగాహెర్ట్జ్ పరిధిలో ఉన్న కొన్ని చానళ్ళనే అందరూ పంచుకోవాలి. ఏ చానలో నిర్ణయించేది చేతిపెట్టెలో, కారులో ఒక్కొక్కటిగా దూర్చే క్రిస్టల్ జత. ఇద్దరివద్ద ఒకే చానలు ఉంటే ఒకరి సంకేతానికి మరొకరి కారు స్పందిస్తుంది. అందుకే మైదానానికి రాగానే అడిగే మొదటి ప్రశ్న నీది ఏ రంగు అని. చానలును బట్టి ఏరియల్‌కు కట్టే చిన్న జెండాల రంగు మారుతుంది. ఒకే రంగు వచ్చిన ఇద్దరు వంతులు వేసుకోవాలి, లేదా క్రిస్టల్ మార్చుకోవాలి. ఈ ఇబ్బంది వల్ల పరిచయాలు ఏర్పడ్డాయి. నేటి 2.4 గిగాహెర్ట్జ్ రేడియో తనకు తానుగా ఖాళీ మార్గం వెదకుకొంటుంది. ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు.

ఇక కొనలేనివారి మాట. బగ్గీ, రేడియో, బ్యాటరీ, చార్జరు కలిపి లెక్క వేస్తే మధ్యతరగతి ఇంటికి అది పెద్ద మొత్తమే. చాలామంది పిల్లలకు దక్కినవి సంస్థ ప్రచురించే రంగుల కేటలాగు, అంగడి అద్దం. 1986లో తమియా సంస్థ 'హాట్‌షాట్ జూనియర్', 'హార్నెట్ జూనియర్' అనే అరచేతిలో ఇమిడే చవక బండ్లను తెచ్చింది. వాటికి రేడియో లేదు. మీట నొక్కి వదిలితే ఎటు వెళితే అటు. పిల్లలు కర్ర పట్టుకొని వెంట పరుగెత్తి దారి మళ్ళించేవారు. రోహసేనునికి మట్టిబండి వంటివి ఇవి. అయితే జపాన్ పిల్లలు ఏడవలేదు. ఈ మట్టిబండ్ల కోసమే ప్రత్యేకమైన పందెపు దారులు కట్టేంతగా వాటిని ప్రేమించారు. ఆశపడినది దక్కనప్పుడు దక్కినదానిని ఆడి గెలవడం బాల్యానికే చెల్లుతుంది.

బగ్గీల వైభవం దశాబ్దం పూర్తిగా సాగలేదు. అమెరికాలోని టీమ్ అసోసియేటెడ్ సంస్థ 1984లో తెచ్చిన 'ఆర్‌సి10' బంగారు వన్నె అల్యూమినియం చట్రంతో, నూనె నింపిన షాక్ అబ్జార్బర్లతో, నిజమైన పందెపు యంత్రంగా వచ్చింది. 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో ఈ తరగతి కార్లకు జరిగిన తొలి ప్రపంచ పోటీలో రెండు చక్రాల విభాగంలో జే హాల్సీ దానితోనే విజేత అయ్యాడు. ఆ తరువాత పందెం వేగానికి, ఖరీదుకు, నైపుణ్యానికి లోబడింది. గంతులు వేసే కందిరీగకు అక్కడ చోటు లేదు. ఇంట్లో వీడియో ఆటలు చేరాయి. పిల్లలు పెద్దవారయ్యారు. బండ్లు అటకలెక్కాయి. సంస్థ ఆ అచ్చులను పక్కన పెట్టింది.

2004లో హార్నెట్ మళ్ళీ అంగళ్ళకు వచ్చింది. 2005లో గ్రాస్‌హాపర్, ఫ్రాగ్, 2007లో హాట్‌షాట్, 2010లో శాండ్ స్కార్చర్ వరుసగా వచ్చాయి. రఫ్ రైడర్ 2009లో 'బగ్గీ చాంప్' అనే మారుపేరుతో వచ్చింది. మరో జపాన్ సంస్థ క్యోషొ తన 1982 నాటి 'స్కార్పియన్' బగ్గీని 2014లో పునరుద్ధరించింది. ఆర్‌సి10 సైతం 2013లో తిరిగివచ్చింది. ఒక సంస్థ చేసిన ప్రయోగం ఒక ధోరణిగా మారింది. హార్నెట్ తొలిసారి వెలువడినప్పుడు పన్నెండేళ్ళ వయసున్న బాలునికి అది తిరిగివచ్చేనాటికి ముప్ఫైరెండేళ్ళు. ఉద్యోగం, జీతం, బహుశా ఇంట్లో ఒక పసివాడు. ఇప్పుడు అనుమతి అడగవలసినది తండ్రిని కాదు.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. ఇరవై ఏళ్ళలో సాంకేతిక విజ్ఞానం ఎంతో పెరిగింది. అదే ధరకు అంతకంటె వేగంగా, నిలకడగా పరుగెత్తే కార్లు పెట్టె విప్పగానే నడపడానికి సిద్ధంగా దొరుకుతున్నాయి. అటువంటప్పుడు పాతబండిని మెరుగుపరచి విడుదల చేయవచ్చు గదా! సంస్థ ఆ పని చేయలేదు. హార్నెట్ వెనుకభాగంలో గేర్ బాక్సు, ఇరుసు, చక్రాలు మొత్తం ఒకే ముద్దగా ఊగుతాయి. గతుకు తగలగానే వెనుకచక్రాలు రెండూ కలిసి ఎగురుతాయి. బండి కుందేలులా గంతులు వేస్తుంది. ఇంజనీరు దృష్టిలో అది దోషం. 2004 నాటి హార్నెట్ కూడా అలాగే గంతులు వేసింది. గ్రాస్‌హాపర్ మళ్ళీ ఆ 380 చిన్న మోటారుతోనే వచ్చింది. దోషాలు కూడా భద్రంగా తిరిగివచ్చాయి.

పాత కావ్యాన్ని పునర్ముద్రించే పరిష్కర్తకు ఈ ధర్మసంకటం బాగా తెలుసు. అచ్చుతప్పులు దిద్దవచ్చు. కవి చేసిన ప్రయోగం వ్యాకరణానికి విరుద్ధమని తోచినంత మాత్రాన దానిని దిద్దే అధికారం అతనికి లేదు. దిద్దితే అది మెరుగైన కావ్యం కావచ్చునేమో కాని ఆ కావ్యం కాదు. బగ్గీల విషయంలోనూ ఈ వివేకమే కనిపిస్తుంది. ఫ్రాగ్ వెనుకచక్రాలకు శక్తిని అందించే కీళ్ళు తొలి రూపంలో త్వరగా అరిగిపోయేవి. దానిని నడిపిన ప్రతివాడూ తిట్టుకొన్న లోపమది. 2005 రూపంలో ఆ కీళ్ళను మార్చారు. అది అచ్చుతప్పు. హార్నెట్ గంతు అచ్చుతప్పు కాదు. దానిని నడిపినవారి చేతివేళ్ళు ఆ గంతుకు అలవాటుపడ్డాయి. ఇరవై ఏళ్ళ తరువాత మలుపు దగ్గర బండి ఎగరబోతున్నదని కంటికంటె ముందు వేలు గుర్తించినప్పుడు కలిగే ఆనందం మెరుగైన కారు ఇవ్వలేదు.

గతాన్ని తలచుకొని మనసు పడే ఈ తీయని బాధకు పాశ్చాత్యులు నోస్టాల్జియా అని పేరు పెట్టారు. ఆ మాటను 1688లో బాసెల్ నగరంలో వైద్యవిద్యార్థిగా ఉన్న యోహన్నెస్ హోఫర్ కల్పించాడు. ఇంటికి తిరిగివెళ్ళడం, వేదన అనే అర్థాలు గల రెండు గ్రీకు పదాల కలయిక అది. పరదేశాలలో ఉన్న స్విస్ యువకులు, సైనికులు స్వస్థలం మీది బెంగతో చిక్కిపోవడాన్ని అతడు ఒక వ్యాధిగా వర్ణించాడు. తరువాతి కాలంలో ఆ మాట ఊరినుండి కాలానికి మారింది. దూరమైన ఊరికి తిరిగివెళ్ళవచ్చు. దూరమైన కాలానికి దారి లేదు. ఆ దారి లేకపోవడమే దీని వేదన. మలివయసులోని మనుషులను జ్ఞాపకాలు చెప్పమంటే పదేళ్ళకు, ముప్ఫై ఏళ్ళకు నడుమ జరిగిన సంఘటనలనే ఎక్కువగా చెబుతారని మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు గమనించారు. మొదటిసారి సొంత చేతులతో ఒక యంత్రాన్ని నిలబెట్టిన వయసు ఆ అంచుననే ఉన్నది.

అయితే పైవివరణ బండిని కలిగి ఉండి పోగొట్టుకొన్నవారికి సరిపోతుంది. కొనుగోలుదారులలో మరో వర్గమున్నది. ఆనాడు అంగడి అద్దం వెలుపల నిలబడినవారు. వారికి హార్నెట్ గంతు వేస్తుందని తెలియదు. వారు తలచుకొంటున్నది జరిగిన బాల్యాన్ని కాదు, జరగని బాల్యాన్ని. పెట్టె విప్పి, సంచులు కత్తిరించి, మొదటి మర బిగించేటప్పుడు వారి మనసులో కదిలేది జ్ఞాపకం అనడం సరికాదు. పాత అప్పు తీర్చుకోవడం అనవచ్చు. ఈ రెండవ వర్గం వారి అనుభవమే ఎక్కువ లోతైనదని అనిపిస్తుంది. పోగొట్టుకొన్నవానికి పోలిక ఉన్నది కనుక నిరాశకు అవకాశమున్నది. అసలు పొందనివానికి పోలిక లేదు.

నిరాశపడినవారు లేకపోలేదు. పాత స్టిక్కర్లలోని కొన్ని వాణిజ్య గుర్తులు హక్కుల కారణంగా కొత్త పెట్టెలలో లేవు. యాంత్రిక నియంత్రణ పోయి ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. అది మంచిదే, కాని వేడి నిరోధకపు వాసన పోయింది. అసలు బాధపడినవారు మాత్రం సేకర్తలు. విప్పని పాతపెట్టెల కోసం పెద్ద మొత్తాలు వెచ్చించి దాచినవారికి, అటువంటిదే కొత్తపెట్టె అంగట్లో మామూలు ధరకు కనిపించినప్పుడు గుండె గుభేలుమన్నది. కొందరు సంస్థ తమకు ద్రోహం చేసిందన్నారు. వారి ఆవేదన అర్థం చేసుకోదగినదే కాని న్యాయమైనదిగా తోచదు. ఆ బండి ఆడుకోవడానికి చేసినది. పైగా మళ్ళీ విడుదల కావడం వల్ల పళ్ళచక్రాలు, టైర్లు, తొడుగులు తిరిగి దొరికాయి. ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క విరిగి ఇరవై ఏళ్ళుగా అటకమీద పడి ఉన్న అసలైన పాతబండ్లు ఎన్నో మళ్ళీ నేలమీదికి దిగాయి. ధర తగ్గిందని ఏడ్చినవారి కంటె ఇవి కదలినందుకు సంతోషించినవారి పక్షమే బలమైనది.

ఇది వ్యాపారమేనని, సంస్థలు బెంగను సొమ్ము చేసుకొంటున్నాయని అనేవారున్నారు. కాదనలేము. కొత్త నమూనా రూపొందించడం కంటె పాతదానిని తిరిగి తేవడంలో సాహసం తక్కువ, గిరాకీ ముందే తెలుసు. అయినా ఒక తేడాను విస్మరించరాదు. పాత చిత్రాన్ని తిరిగి ప్రదర్శిస్తే ప్రేక్షకుడు కూర్చుని చూస్తాడు. ఈ పెట్టె కొన్నవాడు కూర్చుని పనిచేయాలి. రెండు మూడు సాయంకాలాలు పట్టే చేతిపని అది. మరను ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ చీలుతుంది, తక్కువ బిగిస్తే ఊడుతుంది. ఆ తూకం డబ్బుతో రాదు.

బొమ్మ పట్ల పెద్దల మోజు ఎంతవరకు పోగలదో చెప్పడానికి మరో సంగతి ఉన్నది. తమియా సంస్థ 1985లో 'వైల్డ్ వన్' అనే బగ్గీని తెచ్చింది. 2012లో అది తిరిగివచ్చింది. 2021లో ఇంగ్లండులోని ది లిటిల్ కార్ కంపెనీ ఆ బొమ్మను పెద్దదిగా చేసి, మనుషులు ఎక్కి నడపగల విద్యుత్ వాహనంగా తయారుచేయనున్నట్లు ప్రకటించింది. దానికి పెట్టిన పేరు 'వైల్డ్ వన్ మాక్స్'. నిజమైన కారును చూసి బొమ్మను చేయడం లోకరీతి. బొమ్మను చూసి కారును చేయడం ఈ తరం వింత.

తిరిగివచ్చిన బగ్గీలను కొన్నవారు ఇప్పుడు మూడు తెగలుగా కనిపిస్తారు. పెట్టె విప్పకుండా దాచేవారు కొందరు. ఎంతో శ్రద్ధతో బిగించి, రంగు వేసి, దుమ్ము పడకుండా అద్దాల బీరువాలో నిలిపేవారు కొందరు. మిగిలినవారు బిగించిన సాయంకాలమే మట్టిలోకి దించుతారు. వీరి ఇళ్ళలో తరచుగా ఒక చిక్కు వస్తుంది. పక్కన నిలబడి చూస్తున్న ఎనిమిదేళ్ళ కొడుకో కూతురో చేయి చాచి ఆ రేడియో పెట్టెను అడుగుతారు. ఆ పసివారికి ఇది జ్ఞాపకం కాదు, కొత్త బొమ్మ. పూర్తి వేగంతో నడిపి గోడకు కొడతారని తండ్రికి తెలుసు, ఎందుకంటే తానూ కొట్టాడు. ఇరవై ఏళ్ళు ఎదురుచూసి తెచ్చుకొన్న బండిని ఇవ్వాలా, వద్దా అని అతడు ఒక్క క్షణం ఆగుతాడు. పిల్ల చేయి చాచే ఉంటుంది.

కఠిన పదాలు – అర్థాలు

శకటిక = చిన్న బండి
వధ్యస్థానం = మరణశిక్ష అమలుచేసే చోటు
దారుశిల్పం = కొయ్యపని, కొయ్యతో చేసిన శిల్పం
నెపం = సాకు
నిరీక్షణ = ఎదురుచూపు
పరిష్కర్త = గ్రంథాన్ని సరిచూసి ప్రచురించేవాడు
ధర్మసంకటం = ఏది ఉచితమో తేల్చుకోలేని స్థితి
సేకర్త = సేకరించేవాడు
గిరాకీ = కొనేవారి కోరిక

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. హార్నెట్ బగ్గీని దోషాలతో సహా తిరిగి విడుదల చేయడాన్ని కావ్య పునర్ముద్రణతో పోల్చిన తీరును వివరించండి.
2. బండిని పోగొట్టుకొన్నవారికి, అసలు పొందనివారికి గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి. మీ అభిప్రాయం రాయండి.

ఆ) సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. రేడియో చానళ్ళ కొరత వల్ల పిల్లల నడుమ పరిచయాలు ఎలా ఏర్పడ్డాయి?
2. సేకర్తల ఆవేదన ఎందుకు కలిగింది?

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. రోహసేనునికి మట్టిబండి చేసి ఇచ్చినది ఎవరు?
2. నోస్టాల్జియా అనే పదాన్ని కల్పించినది ఎవరు?
3. రఫ్ రైడర్ 2009లో ఏ పేరుతో తిరిగివచ్చింది?